మా తోట గేటు పక్కనున్న పాత కావలి గది: అది ఏ తరహా కట్టడం, దానిని ఎలా నిలబెట్టుకోవాలి?

ఉద్దానంవాసి

అందరికీ నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక పల్లె. ఊరి చివర ఒకప్పుడు ఒక చిన్న జమీందారీ వారి బంగళా, దాని చుట్టూ తోట ఉండేవి. 1948 నాటి చట్టంతో ఎస్టేట్లు రద్దయిన తరువాత వారసులు తోటను ముక్కముక్కలుగా అమ్ముకోగా, గేటు వైపున్న మూడెకరాలు మా తాతగారు కొన్నారు. బంగళా నేను పుట్టకముందే కూలిపోయింది. దాని పునాది అరుగు, పోర్టికో మెట్లు మాత్రం జీడిచెట్ల మధ్య ఇప్పటికీ ఉన్నాయి. అవి కాక మిగిలినవల్లా రెండు గేటు స్తంభాలు, ఎడమ స్తంభాన్ని ఆనుకొని ఉన్న ఒక చిన్న కట్టడం. ఊళ్ళో దానిని కొందరు జవాను గది అంటారు, కొందరు ఠాణా అంటారు. మా నాన్నగారు గేటుగది అనేవారు కనుక నాకూ ఆ మాటే అలవాటయింది.

అది ఎలా ఉందో వీలైనంత వివరంగా చెబుతాను. రెండు గదులు ఉన్నాయి. వెనుక గది మామూలు చతురస్రం, లోపలి కొలత పదడుగులకు పదడుగులు. ముందు గది మాత్రం బండి దారి వైపు మూడు పలకలుగా పొడుచుకు వచ్చింది. ఎనిమిది పలకల గదిని సగానికి కోసి గోడకు అతికించినట్టు ఉంటుంది. ఒక పలక గేటు అవతలి రోడ్డును, మధ్య పలక గేటులోంచి వచ్చే దారిని, మూడవ పలక తోట లోపలి వైపును చూస్తున్నాయి. మొదటి రెండింటికీ మూడడుగుల వెడల్పున కమాను కిటికీలు, టేకు రెక్కలు ఉన్నాయి. మూడవదానికి కిటికీ అనదగ్గది లేదు. తొమ్మిది అంగుళాల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న ఒక సందు ఉంది, దానిని ఎప్పుడో ఇటుకలతో పూడ్చేశారు. అదే సందు గది లోపలి వైపు దాదాపు రెండడుగుల వెడల్పున తెరుచుకొని ఉంటుంది. పైగా దాని రెండు పక్కలూ ఒకే తీరుగా లేవు. ఒకటి బాగా ఏటవాలుగా, మరొకటి దాదాపు తిన్నగా ఉన్నాయి. సందుకు ఎదురుగా గోడలోనే కలిపి కట్టిన రాతి అరుగు ఒకటి ఉంది. అది తుపాకి కిటికీ అనీ, దొంగలు వస్తే అక్కడినుంచి కాల్చేవారనీ ఊరి పెద్దలు చెబుతారు.

గోడలు ఇటుక, సున్నంతో అడుగున్నర మందాన కట్టారు. స్తంభాలు రాతివి, ఆ రాయి పసుపు కలిసిన బూడిదరంగులో ఉండి, అందులో ఎర్రటి నలుసులు మెరుస్తాయి, గోటితో గీకితే అంచులు పొడిగా రాలుతున్నాయి. పైకప్పు టేకు దూలాల మీద ఐమూలగా పేర్చిన పలుచటి ఇటుకల మిద్దె. వెనుక గది తలుపు దారి వైపు కాకుండా ప్రహరీ గోడ వైపున్న నాలుగడుగుల సందులోకి తెరుచుకుంటుంది. చుట్టూ ఇంత చోటు ఉండగా తలుపు అక్కడ ఎందుకు పెట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా వైపు ఊడ్చిపెట్టినప్పుడు ఒక కొబ్బరిచెట్టు ఈ మిద్దె అంచున పడి పిట్టగోడ విరిగింది. అప్పటినుంచి ప్రతి వానకూ ముందు గది కారుతోంది. ఒక కాంట్రాక్టరును పిలిచి చూపిస్తే, మిద్దె తీసేసి స్లాబు వేసి, గోడలకు సిమెంటు పూత పూస్తే మరో వందేళ్ళు చూసుకోనక్కరలేదన్నాడు. మా తమ్ముడైతే గదినే పడగొడదామంటున్నాడు, ఎందుకంటే గేటు వెడల్పు తొమ్మిదడుగులే కావడంతో జీడిపిక్కలు ఎత్తే లారీ రోడ్డు మీదనుంచి లోపలికి తిరగలేకపోతోంది.

ఇది ఏ కాలపు, ఏ తరహా కట్టడమో, ఆ సందు నిజంగా తుపాకి కోసమేనో తెలిసినవారు చెప్పగలరు. అంతకన్నా ముఖ్యంగా, పడగొట్టకుండా వాన ఆపే దారి ఏదైనా ఉంటే చెప్పండి. సంక్రాంతి లోపల మేమిద్దరం ఒక మాట మీదికి రావాలి.

పాతకొలతలు

ఉద్దానంవాసి గారికి,

నేను విజయనగరంలో కోటకు కూతవేటు దూరంలో ఉంటాను. ఉద్యోగమంతా పాత కట్టడాల కొలతలతోనే గడిచింది కనుక మీరు రాసినది చదువుతూనే కాగితం మీద ప్లాను గీసుకున్నాను. కొలతలు ఇచ్చి ప్రశ్న అడిగేవారు అరుదు, అందుకు ముందుగా మీకు ధన్యవాదాలు.

తుపాకి సంగతి మొదట తేల్చేద్దాం. కోట గోడల్లో తుపాకి రంధ్రాలు బయట ఇరుకుగా, లోపల వెడల్పుగా ఉండడం నిజమే. కాల్చేవాడు గొట్టాన్ని అటూ ఇటూ తిప్పుకోవడానికి లోపల చోటు కావాలి, బయటినుంచి వచ్చే గుండుకు మాత్రం చోటు ఉండకూడదు. మీ ఊరి పెద్దలు ఆ పోలికను బట్టే అలా అని ఉంటారు. అయితే దొంగ వచ్చేది రోడ్డు నుంచి, మీ సందు చూస్తున్నది బంగళాను. రోడ్డు వైపు మూడడుగుల కిటికీ బార్లా తెరిచిపెట్టి, యజమాని ఇంటి వైపు తుపాకి గురిపెట్టించిన జమీందారు ఎక్కడైనా ఉంటాడా? అది చూపు కోసం పెట్టిన సందు. రెండు పక్కలూ ఒకే తీరుగా లేవని మీరు గమనించారు చూడండి, కీలకమంతా అక్కడే ఉంది. గోడ ఒక దిక్కుకు ఉండి, చూడవలసినది దానికి కాస్త పక్కగా ఉన్నప్పుడు, సందును ఆ దిక్కుకు మెలితిప్పి కడతారు. మీరు ఇటుకలు తీయించి, ఆ రాతి అరుగు మీద కూర్చొని, కంటి ఎత్తు నుంచి ఒక నూలుదారం సందు మధ్యగా బయటికి లాగించి చూడండి. దారం పోర్టికో మెట్ల దగ్గరికి చేరుతుందని నా అంచనా.

ఇక ఇది ఏ తరహా కట్టడం అంటే, కోట ద్వారానికీ దీనికీ చుట్టరికం చాలా తక్కువ. మా విజయనగరం కోటకు 1713లో విజయదశమినాడు పునాది వేశారు. దానికి తూర్పున ఒకటి, పడమట ఒకటి చొప్పున రెండు ప్రధాన ద్వారాలు ఉన్నాయి. తూర్పుది పెద్దది, రాజస్థానీ పోకడలో కట్టినది. దానిమీద నగారా మోగించి పెద్దవారి రాకనూ, రాజాజ్ఞలనూ ఊరికి తెలియజేసేవారు కనుక దానికి నగర్‌ఖానా అని పేరు. అలాంటి ద్వారం పైకి లేచి దూరం నుంచి కనిపించాలి, గంభీరంగా ఉండాలి, మూసుకుంటే ఏనుగు కూడా తోయలేకుండా ఉండాలి. కాపలావాడు దాని మందంలోనే ఎక్కడో ఒక మూల నిలబడతాడు. అతడికంటూ ప్రత్యేకంగా ఇల్లు అక్కరలేదు.

1794 జూలై 10న పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు చిన విజయరామరాజు మరణించడంతో ఈ ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీకి ఎదురు నిలిచే సైన్యం లేకపోయింది. 1802లో శాశ్వత శిస్తు ఏర్పాటు జరిగి జమీందారు అన్నవాడు శిస్తు కట్టే భూస్వామిగా మిగిలాడు. యుద్ధమే లేనప్పుడు బురుజులెందుకు? కోటల చోట తోటల మధ్య బంగళాలు వచ్చాయి. నగర్‌ఖానా చేసే పనిలో సగం, అంటే వచ్చిన మనిషిని ఆపి, ఎవరో తెలుసుకొని, లోపలికి కబురు పంపడం మాత్రం మిగిలింది. ఆ పనికి తెల్లవాళ్ళు తమ దేశపు అలవాటును తెచ్చారు. ఇంగ్లండు, ఐర్లండులలో పెద్ద భూస్వాముల తోటల చుట్టూ ప్రహరీ, గేటు పక్కన కాపలావాడి కుటుంబం కాపురముండే చిన్న ఇల్లు ఉండడం 18, 19 శతాబ్దాల్లో సర్వసాధారణం. లోపలి భవనం ఎంత దూరాన ఉన్నా దాని తీరు, దాని యజమాని హోదా రోడ్డున పోయేవారికి ముందుగా తెలిసేది ఈ చిన్న ఇంటిని చూసే. అందువల్ల దానికి తాహతుకు మించిన అలంకారాలు చేసేవారు. మూడు పలకలుగా పొడుచుకు వచ్చే గది కూడా అక్కడిదే. అక్కడి రోడ్ల మీద సుంకం వసూలు చేసే గదులనూ అలాగే కట్టేవారు, ఎందుకంటే కుర్చీలోంచి లేవకుండా రోడ్డుకు రెండు వైపులా చూడవచ్చు. ఎనిమిది పలకలంటే మన వైపు కూడా కొత్త కాదు, 1885లో కట్టిన మా ఊరి గంటస్తంభం ఎనిమిది పలకలదే. కాకపోతే అక్కడ ఆ ఆకారం చూడముచ్చట కోసం, మీ దగ్గర పని కోసం.

కాలం విషయంలో ఒక్క మాట. మీరు ఇనుప దూలాల ఊసు ఎత్తలేదు, మంగుళూరు పెంకుల ఊసు ఎత్తలేదు. మంగుళూరులో పెంకుల కార్ఖానా పెట్టింది 1865లో. మన తీరం వెంట బెజవాడ నుంచి కటకం దాకా రైలు పడింది 1893 నుంచి 1896 లోపల. రైలు వచ్చాక ఇనుప దూలాలూ పెంకులూ సులువుగా దొరికాయి కనుక కొత్తగా కట్టేవారు వాటివైపు మొగ్గారు. మీది అంతా టేకు దూలాలతో నడిచింది కనుక రైలుకు ముందుదే అయ్యుండవచ్చునని ఊహిస్తున్నాను, ఇది ఊహ మాత్రమే. ఎక్కడైనా ఇనుప దూలం కనిపిస్తే దాని నడుం మీద తయారుచేసినవారి పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉందేమో చూడండి, నా ఊహ తప్పని అదే చెబుతుంది.

స్తంభాల రాయి ఖొండలైటు. కొండల్లోని ఖోండు తెగ పేరు మీద 1902లో దానికి ఆ పేరు పెట్టారు. ఎర్రటి నలుసులు గార్నెట్ అనే ఖనిజపు పలుకులు. చెక్కడానికి సులువు, నిలవడానికి కష్టం. కోణార్క దేవాలయం అరిగిపోవడానికి ఆ రాయి గుణం కూడా ఒక కారణం. స్తంభాలకు సిమెంటు పూత గాని, రంగు గాని దయచేసి వేయించకండి.

మీ తమ్ముడుగారి లారీకి గేటుగది అడ్డం కాదు, గేటు అడ్డం. ప్రహరీలో వంద అడుగుల అవతల ఇంకొక దారి తెరిస్తే లారీ వెళ్తుంది. తొమ్మిదడుగులన్నది గుర్రబ్బండికి పెట్టిన కొలత. స్తంభాల అడుగున బండి ఇరుసు తగలకుండా పాతిన గుండ్రటి రాళ్ళు మట్టిలో కూరుకుపోయి ఉంటాయి, ఒకసారి తవ్వి చూడండి.

ఇటుకబట్టీ

పై వివరణ బాగుంది గాని, పాత మిద్దెను పాత పద్ధతిలోనే నిలబెట్టుకోవడం ఆచరణలో కష్టం. మా అత్తవారింట్లో ఇలాంటి మిద్దెనే రెండుసార్లు బాగుచేయించి, మూడోసారి విసిగిపోయి స్లాబు వేయించాం. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రి దొరకడు, దొరికినా నెలల తరబడి చేస్తాడు, ఈలోపల ఇంకో తుఫాను వస్తుంది. పది అడుగుల గదికి అంత తాపత్రయం అవసరమా అని నా అనుమానం. స్లాబు వేసి, కిటికీలూ కమానులూ అలాగే ఉంచితే బయటికి పాత రూపమే కనిపిస్తుంది కదా.

గానుగసున్నం

ఇటుకబట్టీ గారి విసుగు నాకు తెలుసు. మాది బొబ్బిలి దగ్గర మూడు తరాలుగా తాపీపని చేసే కుటుంబం, సున్నపు మేస్త్రి దొరకడం లేదన్న మాట మేము కూడా రోజూ వింటున్నదే. అయినా ఈ గదికి స్లాబు ఎందుకు పనికిరాదో చెప్పి తీరాలి.

సున్నపు గోడ మెత్తని గోడ. ఎండకు స్లాబు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. దాని కింద సిమెంటు గోడ ఉంటే కొంతవరకు ఓర్చుకుంటుంది, సున్నపు గోడ ఓర్చుకోలేదు. నాలుగైదేళ్ళలో స్లాబు అంచు వెంట గోడ చుట్టూ ఒక గీత పడుతుంది. ఆ గీతలోంచి నీళ్ళు దిగుతాయి. ముందు గదిలో మూడు పలకలు కలిసే మూలల దగ్గర అది ఇంకా తొందరగా పడుతుంది, ఎందుకంటే తోపుడంతా మూలలకే చేరుతుంది. ఇక సిమెంటు పూత వేస్తే జరిగేది మరొకటి. నేలలోని చెమ్మ ఇటుకల్లోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నపు పూత ఆ చెమ్మను బయటికి వదిలేస్తుంది, సిమెంటు పూత లోపలే బంధిస్తుంది. చెమ్మతో వచ్చిన ఉప్పు పూత వెనకాల పేరుకొని ఇటుకను పిండిలా రాలుస్తుంది. మీ ఉద్దానం సముద్రానికి దగ్గర, గాలిలోనే ఉప్పు ఉంది. బయటికి గోడ నున్నగా కనిపిస్తుంటే లోపల గుల్లయిపోయిన ఇళ్ళు మీ వైపు నేను కళ్ళారా చూశాను, ఒకదాని పూత మీద వేలితో తట్టగానే డప్పులా మోగింది.

ఇప్పుడు మీ మిద్దె గురించి. దీనిని మద్రాసు టెర్రస్ అంటారు. దూలాల మీద అంగుళం మందం ఉన్న పలుచటి ఇటుకలను అంచు మీద నిలబెట్టి, ఐమూలగా, సున్నంతో అతికిస్తారు. దానిపైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన కాంక్రీటు మూడు అంగుళాల పైచిలుకు పరిచి, చెక్క పలకలతో రోజుల తరబడి కొడతారు. మా నాయనమ్మ చెప్పేది, ఆడవాళ్ళు వరసగా కూర్చొని పాట పాడుతూ కొట్టేవారనీ, పాట లయ తప్పితే మేస్త్రి కేకవేసేవాడనీ. కొడుతూ కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతారు. పలక తగిలితే ఎగిరిపడేంత గట్టిపడ్డాక ఆపి, పైన నున్నటి గచ్చు చేస్తారు.

ఈ మిద్దె కారుతున్నదంటే మొత్తం పోయినట్టు కాదు. మొదట చూడవలసినది దూలాల కొనలు. దూలం మధ్యలో పుచ్చదు, గోడలోకి దూరిన చోట పుచ్చుతుంది, ఎందుకంటే అక్కడికి గాలి ఆడదు. ఒక స్క్రూడ్రైవరు తీసుకొని ప్రతి దూలాన్నీ గోడ దగ్గర గట్టిగా పొడిచి చూడండి. అంగుళం లోపల ఆగితే దూలం బాగున్నట్టే; పిడి దాకా దిగితే ఆ కొన పోయినట్టే. కొన ఒక్కటే పోతే దూలమంతా మార్చనక్కరలేదు. పుచ్చిన మేరకు కోసి, పాత టేకు ముక్కను నాలుకలా చెక్కి అతికి, బోల్టులు బిగించవచ్చు. రెండవది పిట్టగోడ విరిగిన చోటు. అక్కడ రావి మొక్క గాని మొలిచిందా? మొలిస్తే పైకి కోయడంతో సరిపోదు, వేరు ఎక్కడిదాకా వెళ్ళిందో అక్కడిదాకా ఇటుకలు విప్పి తీయాలి. నీళ్ళు పోయే తూములు పూడిపోయాయేమో కూడా చూడండి. నేను బాగుచేసిన కారుడు మిద్దెల్లో చాలావాటి రోగం తూములోనే ఉంది.

సున్నానికి మీరు దూరం వెళ్ళనక్కరలేదు, తీరం వెంట గుల్ల సున్నం దొరుకుతుంది. కాల్చిన సున్నాన్ని నీళ్ళలో వేసి చల్లార్చి, ఎండనివ్వకుండా కనీసం రెండు వారాలు నానబెట్టి, ఆ తరువాత ఒకటికి రెండు పాళ్ళు ఇసుక కలిపి గానుగలో రుబ్బాలి. గానుగ లేకపోతే ఇప్పుడు చిన్న గ్రైండరు మిల్లులు ఉన్నాయి, పని జరుగుతుంది. పిట్టగోడకూ తూముల చుట్టూ ఇసుక కొంత తగ్గించి ఇటుకపొడి కలపండి, తడిలో కూడా గట్టిపడుతుంది. పాత పాళ్ళు తెలుసుకోవడానికి గచ్చు ముక్కను యాసిడ్‌లో వేసి, సున్నం కరిగిపోయాక అడుగున మిగిలిన ఇసుకను తూచి చూడమని కొందరు చెబుతారు. మీ సముద్రపు ఇసుకలో గవ్వల పొడి ఉంటే అది కూడా కరిగిపోయి లెక్క తప్పుతుంది, ఆ లెక్కను నమ్ముకోకండి.

పూత పూసిన తరువాత పది రోజులైనా గోనెసంచులు కప్పి తడుపుతూ ఉండాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని నెమ్మదిగా రాయి అవుతుంది, దానికి చెమ్మ కావాలి. వైశాఖంలో మొదలుపెట్టిన సున్నపు పని బీటలు తీస్తుంది. సంక్రాంతి దాటగానే మొదలుపెట్టి శివరాత్రి లోపల ముగించండి.

నాగావళి ఒడ్డున

ఇక్కడ మాట్లాడినవారందరూ కట్టడాల పనివారు. నేను బడిపంతులమ్మను. అయినా మా తాతగారు నాగావళి ఒడ్డున ఒక దివాణంలో గేటు కాపలా చేశారు కనుక, అలాంటి గదిలో పెరిగిన మా అమ్మ చెప్పినవి రెండు ముక్కలు రాయాలనిపించింది.

మీ వెనుక గది తలుపు ప్రహరీ వైపు ఎందుకుందో మా అమ్మ అయితే క్షణంలో చెప్పేది. ఆ ఇల్లు కాపలావాడిది, ఆ ముఖం దివాణానిది. ముందు గదిలో తడిబట్టలు ఆరేయకూడదు, పొయ్యి వెలిగించకూడదు, పిల్లలు అరుగు మీద కూర్చొని తినకూడదు. దొరలో, దొరసానో బండిలో వస్తూ పోతూ ఉన్నప్పుడు కాపలావాడి సంసారం కంటపడకూడదు. అందుకని వంట, స్నానం, రుబ్బురోలు అన్నీ వెనుక సందులోనే. మా అమ్మమ్మ పదకొండేళ్ళు ఆ నాలుగడుగుల సందులో కాపురం చేసింది. ముందు గది మాత్రం రోజూ అలికి, ముగ్గు పెట్టి, అతిథిలా చూసుకునేది. ఇంగ్లండులో అలాంటి ఇళ్ళకు పొగగొట్టం ఉంటుందని ఎక్కడో బొమ్మలో చూశాను. మన వాళ్ళు పొగగొట్టం తీసేసి వెనుక చావడి పెట్టారు, కాని సంసారాన్ని దాచిపెట్టే పద్ధతిని మాత్రం అలాగే ఉంచారు.

ఆ సందు గురించి కూడా ఒక మాట. మా తాతగారి గదిలో కూడా బంగళా వైపు ఒక చిన్న కిటికీ ఉండేదట. రాత్రి అతిథులు బయలుదేరేటప్పుడు పోర్టికోలో నౌకరు లాంతరును తలకు పైగా ఎత్తి రెండుసార్లు ఊపేవాడు. బండి గేటు దగ్గరికి వచ్చేసరికి తలుపులు తెరిచి ఉండాలి, బండి ఆగకూడదు. ఆగితే మరునాడు తాతగారికి చీవాట్లు. ఒక వానరాత్రి లాంతరు కనిపించక బండి ఆగిపోయిందనీ, ఆ మాసం జీతంలో కోత పడిందనీ అమ్మమ్మ చివరిదాకా చెప్పుకునేది. పాతకొలతలు గారు చెప్పిన నూలుదారం పోర్టికో మెట్ల దగ్గరికి కాకుండా, మెట్ల మీద నిలబడిన మనిషి తలకు పైగా వెళుతుందేమో చూడండి.

ఉద్దానంవాసి

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. మొన్న ఆదివారం ఇటుకలు తీయించాను. పూడ్చినది మట్టితోనే, పలుగు అక్కరలేకుండా చేత్తోనే వచ్చేశాయి. సందు అడుగున దీపపు మసి పట్టిన చిన్న గూడు ఒకటి బయటపడింది.

పగలు అరుగు మీద కూర్చొని చూస్తే నాకు జీడిచెట్ల కొమ్మలు తప్ప ఏమీ కనిపించలేదు. దారం లాగించాం, అది పోర్టికో మెట్లకు అయిదారడుగుల పైగా గాలిలో వెళ్ళింది. మొదట కొలత తప్పిందనుకొని మళ్ళీ లాగించాం, మళ్ళీ అంతే. అప్పుడు నాగావళి ఒడ్డున గారి మాట గుర్తుకువచ్చి, చీకటి పడ్డాక మా అబ్బాయిని మెట్ల పై వరసన నిలబెట్టి ఫోను లైటు వెలిగించమన్నాను. ఛాతీ దగ్గర పట్టుకున్నంతసేపూ నాకు ఏమీ కనిపించలేదు. చెయ్యి తలకు పైగా ఎత్తగానే సరిగ్గా సందు మధ్యలో ఒక చుక్క వెలిగింది. నేను అరుగు మీద అంగుళం పక్కకు జరిగితే ఆ చుక్క పోయింది, మళ్ళీ జరిగితే వచ్చింది. అరుగు మీద ఆ చోటునే రాయి నున్నగా అరిగి కాస్త పల్లం పడి ఉంది, అంతవరకు అది నా కంట పడలేదు.

మా తమ్ముడు కూడా వచ్చి కూర్చొని చూశాడు. ఏమీ అనలేదు గాని, మరునాడు తానే టేపు తీసుకొని ప్రహరీ వెంట నడిచి, చింతచెట్టు అవతల లారీకి పద్నాలుగడుగుల దారి తెరవవచ్చునని లెక్కవేసుకొచ్చాడు. అక్కడ గోడ ఎలాగూ తిత్లీకి పడిపోయినదే. కుడి స్తంభం అడుగున తవ్వితే పాతకొలతలు గారు చెప్పిన గుండ్రటి రాయి దొరికింది. దాని ఒక పక్క ఇరుసు రాసుకున్న గాడి ఉంది. ఎడమ వైపుది ఇంకా దొరకలేదు. ఇనుప దూలం ఎక్కడా కనిపించలేదు.

దూలాలు మొత్తం తొమ్మిది. స్క్రూడ్రైవరుతో పొడిచి చూస్తే ఏడు గట్టిగా ఉన్నాయి. పిట్టగోడ విరిగిన వైపు రెండింటి కొనలు పిడి దాకా దిగాయి. రావి మొక్క లేదు గాని, తూములో కాకిగూడు పుల్లలూ కొబ్బరి పీచూ జానెడు మందాన గట్టిగా దిగబడి ఉన్నాయి. తీసిన తరువాత కురిసిన చిన్న జల్లుకు కారుడు సగానికి సగం తగ్గింది.

గానుగసున్నం గారూ, మీరు చెప్పినట్టు సంక్రాంతి వెళ్ళగానే మొదలుపెడతాం. ఆ రెండు దూలాల కొనలు అతికేటప్పుడు పైనున్న ఇటుకల వరస కదలకుండా కింద ఊతకర్రలు ఎంతెంత దూరంలో పెట్టాలో, కొత్త టేకు ముక్క గోడలోకి దూరే చోట చెమ్మ తగలకుండా ఏం చేయాలో కూడా చెప్పగలరా? పాత టేకు ముక్కలు మా పశువుల సాలలో రెండు ఉన్నాయి, ఒక్కొక్కటి మూడున్నర అడుగుల పొడవు.